ప్రాణహిత వెంట రాబందుల దారి

మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దులో ప్రాణహిత నది వెంట రాబందులను వెతికే ఈ అయిదు రోజుల ప్రయాణానికి ఫిబ్రవరి సరైన నెల. రాబందులు చలికాలం మొదట్లో గూడు చేరి ఒకే ఒక్క గుడ్డు పెడతాయి. యాభై రోజులకు పైగా పొదుగుతాయి. ఫిబ్రవరికల్లా పిల్ల గూటి అంచు మీద తల ఎత్తి చూసేంత అవుతుంది. అడవి కూడా ఆకు రాల్చడం మొదలుపెడుతుంది కాబట్టి చెట్టు మీది గూడు దాగదు. ఏప్రిల్‌లో వెళితే పిల్ల ఎగిరిపోయిన ఖాళీ గూడు కనిపిస్తుంది, అది ఈ ఏటిదో నిరుటిదో తేల్చలేం.

మొదటి రోజు: సిరొంచ

కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే సిరొంచ. గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. బోర్డులు మరాఠీలో ఉంటాయి, బజారులో మాటలు తెలుగులో వినిపిస్తాయి. రాబందుల కోసం వచ్చినవాళ్లు బస్సు దిగగానే నదివైపు నడుస్తారు. మొదటి పూట అక్కడికి పోకపోవడమే మంచిది. ముందు పశువుల మందులు దొరికే దుకాణాలు తిరగాలి. ఈ పక్షి ఉంటుందా పోతుందా అన్నది గూటి దగ్గర కన్నా దుకాణం గల్లా దగ్గరే ఎక్కువగా తేలుతోంది.

సంగతి తెలిసిందే అయినా లెక్క మరోసారి చెప్పుకోవాలి. 1992 నుంచి 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గాయి. పొడుగుముక్కు రాబందులు దాదాపు 97 శాతం పోయాయి. కారణం డైక్లోఫెనాక్ అని 2004లో శాస్త్రవేత్త లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో చచ్చిన పక్షులను కోసి తేల్చింది. పశువుకు నొప్పి తగ్గించే ఈ మందు రాబందు కడుపులోకి పోతే మూత్రపిండాలు పాడవుతాయి. యూరిక్ యాసిడ్ బయటికి పోలేక గుండె మీద, కాలేయం మీద తెల్లటి పొడిగా పేరుకుంటుంది. కొద్ది రోజుల్లోనే పక్షి చస్తుంది. ఇంత నాశనానికి ఎన్ని కళేబరాల్లో మందు ఉండాలి? 130 నుంచి 760 కళేబరాలకు ఒక్కటి చాలని లెక్క కట్టారు. ఒక గొడ్డు మీద ముప్పై నలభై పక్షులు ఒకేసారి వాలతాయి మరి. తొంభై తొమ్మిది మంది రైతులు మానేసి ఒక్కరు వాడినా చాలదని ఈ ప్రాంతంలో పనిచేసేవాళ్లు పట్టుబట్టేది అందుకే.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో ఆపారు. అయినా మనుషుల కోసం తయారయ్యే 30 మి.లీ. సీసాలు గొడ్లకు పోతూనే ఉన్నాయి. 2015లో మనుషుల ఇంజెక్షన్‌ను 3 మి.లీ. మించకూడదన్నారు. ఆ నిబంధన వెనక లెక్క సులువు. 3 మి.లీ.లో ఉండేది 75 మి.గ్రా. మూడు క్వింటాళ్ల ఎద్దుకు కిలోకు 1 మి.గ్రా. చొప్పున 300 మి.గ్రా. కావాలి, అంటే నాలుగు సీసాలు విరగ్గొట్టాలి. ఆ చిరాకే అడ్డుకట్ట అవుతుందని ఆశ. కొంతవరకు అయింది కూడా. ఇక మరో నొప్పి మందు ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి పోయాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. కీటోప్రొఫెన్ కూడా రాబందులకు విషమే. ఈ రెండింటినీ పశువులకు వాడకుండా 2023లో నిషేధించారు. నిమెసులైడ్ వంతు 2024 చివర్లో వచ్చింది. రాబందులకు హాని చెయ్యవని పరీక్షల్లో తేలినవి రెండే: మెలోక్సికామ్, టోల్ఫెనామిక్ యాసిడ్.

దుకాణంలో మందు పేరు పలకకూడదు. "మెలోక్సికామ్ ఉందా అన్నా" అని అడిగితే ఉందనే అంటారు, అది మనం రాయించుకున్న జవాబు. "ఎద్దు కాలు వాచింది, నడవలేకపోతోంది, సూది మందు ఏదన్నా ఇవ్వండి" అనాలి. మొదట చేతికి ఏ సీసా వస్తే అదే ఆ దుకాణం అసలు లెక్క. పేరు, లోపలి మందు, సీసా పరిమాణం, కంపెనీ, బ్యాచ్ నంబరు, గడువు తేదీ బయటికి వచ్చాక రాసుకోవాలి. గల్లా ముందు నిలబడి రాస్తే తర్వాతి దుకాణానికి మనకన్నా ముందే కబురు చేరుతుంది. ఊళ్లో మూడు దుకాణాలుంటే మూడూ ఒక్క పూటలో ముగించడం కూడా అందుకే. నిషేధంలో ఉన్న మందు ఇస్తే అక్కడే గొడవ పడొద్దు. బిల్లు తీసుకుని, దాన్ని ఔషధ తనిఖీ అధికారికి పంపితే పని జరుగుతుంది. బిల్లు లేని ఫిర్యాదు నిలవదు.

"ఆ కొత్త మందు పనిచెయ్యదు సార్" అనే మాట ఈ బజారులో తరచు వినిపిస్తుంది. కొట్టిపారెయ్యాల్సిన మాట కాదది. మెలోక్సికామ్ మోతాదు కిలోకు 0.5 మి.గ్రా. సీసాలో మి.లీ.కు 5 మి.గ్రా. ఉంటే మూడు క్వింటాళ్ల ఎద్దుకు 30 మి.లీ. వెయ్యాలి, అదీ రెండు మూడు చోట్ల పంచి. ఊళ్లో సూదులేసే మనిషి 15 మి.లీ.తో సరిపెడతాడు. సీసా మిగులుతుంది, ఎద్దు మాత్రం లేవదు. పాత మందు సగం వేసినా ఎంతో కొంత నొప్పి తగ్గేది. అందుకే ఇక్కడ అవగాహన సభలో రాబందు బొమ్మ చూపించడం కన్నా ఎద్దు బరువు అంచనా కట్టడం నేర్పడం ఎక్కువ ఉపయోగం. ఛాతీ చుట్టుకొలత కొలిచే టేపు ఒకటి ఊరికిస్తే చాలు.

రెండో రోజు: ప్రాణహిత ఒడ్డు

తెల్లవీపు రాబందు గూడు కట్టేది ఎత్తైన చెట్ల మీద. నది ఒడ్డు మీది ఏరుమద్ది దానికి ఇష్టం. పెద్దగా, నిటారుగా ఉండి, పైన వెడల్పాటి కొమ్మల సందు ఉండాలి. గూడు మీటరు దాకా వెడల్పుంటుంది. గూడు కన్నా ముందు కనిపించేది రెట్ట: చెట్టు మొదలు, కింది కొమ్మలు సున్నం చల్లినట్టు ఉంటాయి. కానీ కొంగలు, నీటికాకులు రాత్రికి చేరే చెట్టు కింద కూడా ఇలాగే ఉంటుంది. తేడా చెప్పేది వాసన, కింద పడ్డ ఎముక ముక్కలు. నీటి పక్షుల చెట్టు కింద చేప పొలుసులు దొరుకుతాయి.

పొద్దున ఆరింటికే దుర్భిణితో బయల్దేరితే గూళ్లు దొరుకుతాయి గాని ఎగిరే పక్షులు దొరకవు. ఇంత బరువున్న పక్షి రెక్కలాడిస్తూ ఎక్కువ దూరం పోలేదు, నేల వేడెక్కి గాలి పైకి లేవాలి. అందుకే ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు గూళ్లు, తొమ్మిది నుంచి పదకొండున్నర వరకు ఆకాశం. ఎత్తుగడ్డ మీద, నాలుగువైపులా తెరిపి ఉన్న చోట కూర్చోవాలి. 8×42 దుర్భిణి చాలు. గూడు లోపల పిల్ల ఉందో లేదో తేల్చడానికి మాత్రం 20–60 రెట్లు పెంచే స్కోపు, దాన్ని నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు కావాలి.

గుర్తుపట్టడంలో జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. పెద్ద తెల్లవీపు రాబందు కింది నుంచి నల్లటి ఒళ్లు, రెక్క ముందు భాగం తెల్లటి పట్టీతో కనిపిస్తుంది. వీపు కింది తెలుపు అది పక్కకు ఒరిగినప్పుడే బయటపడుతుంది. పిల్ల పక్షికి ఈ తెలుపు ఉండదు, ఒళ్లంతా ముదురు గోధుమరంగు. దాన్ని చూసి పొడుగుముక్కు అని రాసేవాళ్లు చాలామంది. పొడుగుముక్కు పెద్ద పక్షి ఒళ్లు లేత మట్టిరంగులో ఉంటుంది, దాని మీద రెక్కల ఈకలు, తోక నల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. సందేహం ఉంటే "రాబందు, జాతి తేలలేదు" అని రాయడం గౌరవం తక్కువేమీ కాదు. తప్పు జాతి రాస్తే ఆ కాగితం మొత్తానికీ విలువ పోతుంది.

గూడున్న చెట్టుకు 200 మీటర్ల లోపు పోకూడదు. తల్లి లేచి నిలబడి మెడ చాచిందంటే మనం ఎక్కువ దగ్గరికి వచ్చినట్టు, అప్పుడు మెల్లగా వెనక్కి జరగాలి. అది ఎగిరిపోతే పదిహేను నిమిషాల్లో కాకి గూట్లోకి దిగుతుంది, లేదా ఎండకు చిన్న పిల్ల మాడిపోతుంది. డ్రోన్ ఎగరేసి ఫోటోలు తీయడం ఈమధ్య సరదా అయింది. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూలులో ఉన్న పక్షి. గూడు చెదిరితే కేసు అవుతుంది, కేసు కాకపోయినా పిల్ల పోతుంది.

ప్రతి గూటికి రాసుకోవలసినవి: జీపీఎస్ గుర్తు, చెట్టు జాతి, చెట్టు చుట్టుకొలత, గూడు ఎత్తు అంచనా, పక్షి కూర్చుని ఉందా, పిల్ల కనిపించిందా, గూట్లో పచ్చి ఆకు ఉందా. పచ్చి ఆకు ఉంటే గూడు ఈ ఏటిదే. ఒకే గూటిని నవంబరు చివర్లో, ఫిబ్రవరిలో, ఏప్రిల్‌లో చూస్తేనే పిల్ల బయటపడిందో లేదో తెలుస్తుంది. ఒక్క ఫిబ్రవరి లెక్కతో "ఇన్ని జంటలు సురక్షితం" అని రాసే నివేదికలను నమ్మకపోవడమే మేలు. ఏటికి ఒక్క గుడ్డు, పిల్ల పెద్దదై గూడు కట్టడానికి అయిదేళ్లు. ఈ పక్షుల్లో ఒక ఏడు నష్టం తీరాలంటే చాలా ఏళ్లు పడుతుంది.

ఒడ్డు చెట్ల సంగతి వేరే ఉంది. కింద గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ కట్టాక సిరొంచ తాలూకా పొలాలు వెనక నీళ్లలో మునిగాయి. 2022 జూలై వరదలో మరీ ఎక్కువ. ఏరుమద్ది ఏటి పక్క చెట్టే గాని మొదలు చుట్టూ వారాల తరబడి నీరు కదలకుండా నిలిస్తే వేరు కుళ్లుతుంది. ఎండిన చెట్టు కొన్నేళ్లు రాబందును మోస్తుంది, తర్వాత గూడుతో సహా కూలుతుంది. గూటి చెట్ల జాబితాలో "చెట్టు బతికి ఉందా" అనే గడి పెట్టనివాళ్లు ఈ సంగతి ఆలస్యంగా గమనిస్తారు.

మూడో రోజు: ఆలపల్లి మీదుగా అహేరి

సిరొంచ నుంచి ఆలపల్లి వంద కిలోమీటర్లు. 353సి జాతీయ రహదారి అని పేరు. టేకు అడవి మధ్య నుంచి పోతుంది, మహారాష్ట్ర ప్రభుత్వ ఎస్టీ బస్సుకు పొద్దుటి పూట చాలా వరకు దారిలోనే గడిచిపోతుంది. అహేరి నుంచి వంగేపల్లి, అక్కడ ప్రాణహిత వంతెన దాటితే తెలంగాణలో గూడెం. ఇంకా పైకి, పెద్దవాగు వైపు, బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట ఉంది. పొడుగుముక్కు రాబందులు అక్కడ రాతి అరుగుల మీద గూళ్లు పెడుతున్నాయని 2013లో బయటపడింది.

అటు గూడు, ఇటు తిండి. పక్షికి నది సరిహద్దు కాదు. ఒకే రోజు రెండు ఒడ్డుల్లో ఒకే గంటలో లెక్కించకపోతే ఒకే పక్షి రెండు రాష్ట్రాల కాగితాల్లోనూ ఎక్కుతుంది. పది పక్షులు ఇరవై అవుతాయి. రెండు జట్లూ తొమ్మిదింటి నుంచి పదిహేను నిమిషాల చొప్పున గడులు గీసుకుని, పక్షి వచ్చిన దిక్కు, పోయిన దిక్కు రాసుకుని, సాయంత్రం ఫోనులో సరిపోల్చుకోవాలి. ఒడ్డు మీద చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, గడియారాలు ముందురోజే కలుపుకోవాలి.

నాలుగో రోజు: చామోర్షి వైపు, గిధాడ్ల దాణా స్థలం

ప్రాణహితను పైకి పట్టుకుపోతే వార్ధా, వైన్‌గంగా కలిసే చోటు వస్తుంది. చప్రాల అభయారణ్యం ఆ ఒడ్డునే. అక్కడి నుంచి చామోర్షి వైపు తెలుగు తగ్గి మరాఠీ, మధ్యలో బెంగాలీ కాలనీల మాట వినిపిస్తుంది. రాబందుకు ఇక్కడ అందరూ గిధాడ్ అనే అంటారు. గడ్చిరోలి అటవీ శాఖ ఈ వైపు గ్రామాల దగ్గర రాబందులకు మందు లేని కళేబరాలు వేసే స్థలాలు పెట్టింది. పత్రికల్లో వీటిని రాబందుల రెస్టారెంట్లు అంటారు. నేపాల్‌లో పిఠౌలీ గ్రామస్తులు 2006లో మొదలుపెట్టినది ఇలాంటిదే. అక్కడ ముసలి ఆవులను చేరదీసి, చచ్చేదాకా మేపి, తర్వాత రాబందులకు వేస్తారు.

స్థలం ఎంపికలోనే సగం గెలుపు. కనీసం హెక్టారు తెరిపి నేల, చుట్టూ కొంచెం దూరంలో వాలడానికి పెద్ద చెట్లు, అర కిలోమీటరు లోపు కరెంటు తీగలు లేకుండా. కుక్కల కోసం రెండు మీటర్ల ఎత్తు జాలీ వేస్తారు. జాలీ అడుగు ముప్పై సెంటీమీటర్లు నేలలో పూడ్చకపోతే వర్షాకాలంలో కుక్క తవ్వుకుని లోపలికి వస్తుంది. చిన్న జాలీ గది కట్టడం ఎక్కువగా కనిపించే తప్పు. కడుపునిండా తిన్న రాబందు నిలబడ్డ చోటు నుంచి లేవలేదు, పరుగెత్తి లేవాలి. ఇరుకు జాలీలో అది లేవలేక మూలన పడుతుంది, రాత్రి అడవిపంది వస్తే పని అయిపోయినట్టే. లోపల స్నానానికి, తాగడానికి ఒక అడుగు లోతు తొట్టి ఉండాలి. రాబందులు తిన్నాక తప్పక నీళ్లకు పోతాయి.

కళేబరం తీసుకునే ముందు అడగవలసినవి: ఎవరి గొడ్డు, ఎన్నేళ్లది, ఏం జబ్బు, ఎవరు సూది వేశారు, ఏ మందు, చివరి సూది ఏ రోజు, ఎప్పుడు చచ్చింది. డైక్లోఫెనాక్ వేసిన మూడు రోజుల లోపు చచ్చిన పశువు మాంసంలో రాబందును చంపేంత మందు ఉండొచ్చు. కాస్త వెసులుబాటుతో పది రోజుల్లో ఏ నొప్పి మందూ పడనిదే తీసుకోవడం మంచి పద్ధతి. జవాబు సరిగా రాకపోతే వద్దనాలి. మాంసం ముక్కను ప్రయోగశాలకు పంపితే ఫలితం వారాల తర్వాత వస్తుంది, కళేబరం అప్పటిదాకా ఆగదు. రైతు మాటకు పశువుల డాక్టరు నోటుబుక్కు తోడయితేనే అక్కడికక్కడ పరీక్ష.

డబ్బు విషయంలో చాలా పథకాలు ఇక్కడే కాలు జారాయి. కళేబరానికి ధర కట్టకూడదు. వెల ఉంటే రైతు మందు వేసిన మాట దాస్తాడు, అది సహజం. బండి కూలి మాత్రమే ఇవ్వాలి. అదీ తీసుకున్నా, తిరస్కరించినా ఒకే మొత్తం ఇవ్వాలి. అప్పుడు "మందు వేశాను బాబూ" అని చెప్పడానికి నష్టమేమీ ఉండదు.

దొమ్మ రోగంతో (ఆంత్రాక్స్) చచ్చిందని అనుమానం ఉన్న పశువును కదపనే కూడదు. హఠాత్తుగా చచ్చి, ముక్కు నుంచో ఆసనం నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే కత్తి పెట్టొద్దు, తోలు వలవొద్దు, డాక్టరుకు చెప్పి లోతుగా సున్నం వేసి పూడ్చాలి. ముద్దచర్మ వ్యాధి (లంపీ స్కిన్) వచ్చిన ఏడు ఇంకో తలనొప్పి. పశువులకు జ్వరం మందులు ఎడాపెడా పడతాయి, కళేబరాలన్నీ పూడ్చేస్తారు. రాబందులకు ఆ ఏడు తిండి తక్కువ, దొరికినదాంట్లో మందు ఎక్కువ.

వేసే సమయం పొద్దున ఎనిమిది లోపు. సాయంత్రం వేస్తే రాత్రికి నక్కలు, హైనాలు ముగిస్తాయి. ముదురు ఎద్దు తోలు రాబందు ముక్కుకు అంత తేలిగ్గా తెగదు, కళ్ల దగ్గరా ఆసనం దగ్గరా మొదలుపెట్టి గంటలు గంటలు కుస్తీ పడుతుంది. అందుకే తోలు వలిచి, పొట్ట ఒక కోత కోసి వదలాలి. మొదట కాకి, తర్వాత గద్ద, వాటిని చూసి రాబందు. మనిషి దూరంలో మరుగు గుడారంలో ఉండాలి. మొదటి వారాల్లో ఒక్కటీ రాకపోవచ్చు. అప్పుడు చోటు మార్చడం తొందరపాటు, వారానికోసారి అదే చోట వేస్తూ పోవాలి. ఒక రాబందు ఒక్క పూటలో కిలో దాకా తింటుంది. మూడు క్వింటాళ్ల ఎద్దు చిన్న గుంపుకు రెండు రోజులు మించిన తిండి. పిల్లలున్న డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకే క్రమం తప్పకుండా వెయ్యాలి, ఏడాది పొడుగునా వేస్తే అవి వెతకడం మానేస్తాయని వాదించేవాళ్లున్నారు. ఆ భయం కొంచెం ఎక్కువేనేమో గాని, బడ్జెట్ ఏడాది పొడుగునా ఉండదన్నది మాత్రం నిజం.

చివర్లో మిగిలిన ఎముకలను ఏరి పారెయ్యడం శుభ్రత అనిపిస్తుంది. కొన్నింటిని సుత్తితో గోరంత ముక్కలుగా కొట్టి అక్కడే చల్లాలి. హైనాలు ఎముక నమిలి ముక్కలు వదలని చోట దక్షిణాఫ్రికాలో కేప్ రాబందుల పిల్లలకు కాల్షియం అందక రెక్కల ఎముకలు వంకర పోయాయి.

చెట్టు కింద తల వేలాడేసి కూర్చున్న రాబందు కనిపిస్తే వెంటనే మందు అనుకోనక్కర్లేదు, ఎండకు కూడా అలా కూర్చుంటాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా మెడ వాల్చి, కాకి పొడిచినా కదలకపోతే అప్పుడు జబ్బు. చచ్చిన పక్షిని మనం ముట్టుకోకూడదు. అటవీ సిబ్బందిని పిలిచి, ఫోటో, జీపీఎస్ తీసి, అదే రోజు మంచుపెట్టెలో డాక్టరుకు చేర్పించాలి. ఎండలో ఒక్క రోజు ఆలస్యమైతే లోపల పేరుకున్న యూరిక్ యాసిడ్ తెల్లపొడి కనిపిస్తుంది గాని మందు ఆనవాలు దొరకడం కష్టం.

అయిదో రోజు: బోటేఝరి

చంద్రపూర్ జిల్లాలోకి దిగి తడోబా పులుల అభయారణ్యంలోని బోటేఝరి చేరాలి. హర్యానాలోని పింజోర్ కేంద్రంలో పుట్టి పెరిగిన పది తెల్లవీపు రాబందులను 2024 జనవరిలో ఇక్కడి పంజరానికి తెచ్చి, అడవి అలవాటు చేసి, అదే ఏడు జీపీఎస్ పరికరాలు కట్టి వదిలారు. పంజరం దూరం నుంచే చూడనిస్తారు, అదీ అటవీ అధికారుల అనుమతితో. వదిలినవాటిలో ఒకటి తమిళనాడు దాకా ఎగిరిపోయింది. రాబందులకు విషమైన మందులు లేకుండా చూసే రాబందు సురక్షిత మండలం అంటే వంద కిలోమీటర్ల వ్యాసార్ధం, 31 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, గడ్చిరోలి జిల్లాకు రెండు రెట్లు దాటింది. అంత చోటంతా దుకాణాలు తిరిగి శుభ్రం చేసినా పక్షి ఇంకా బయటికి పోతుంది.

బోటేఝరి నుంచి చంద్రపూర్ దారిలో చూడవలసింది కరెంటు స్తంభాలు. స్తంభం తల మీద వాలిన రాబందు రెక్క చాస్తే రెండు మీటర్లు, పక్క తీగను గాని ఇనుప అడ్డకడ్డీని గాని తాకుతుంది. ప్రమాదం ఎక్కువ ఉన్నవి ట్రాన్స్‌ఫార్మర్ స్తంభాలు, తీగ దిక్కు మారే మలుపు స్తంభాలు, పైన జంపరు తీగ (రెండు తీగలను కలిపే ముక్క తీగ) ఉన్నవి. దాణా స్థలాలకు, గూళ్లకు అయిదు కిలోమీటర్ల లోపు ఇలాంటివి ఏవున్నాయో నంబరుతో, ఫోటోతో జాబితా కట్టి విద్యుత్ శాఖ సబ్‌డివిజన్‌కు ఇస్తే, జంపరుకు తొడుగు వెయ్యడం ఒక లైన్‌మన్‌కు పూట పని. స్తంభం నంబరు లేకుండా "ఊరి బయట మర్రిచెట్టు దగ్గరి స్తంభం" అని రాసిన అర్జీ ఫైలు దాటి పోదు. రాత్రి బండికి బల్లార్షా స్టేషను దగ్గర.